వీధి తలుపు ఎవరి కోసం?

ఇల్లు కట్టే పని చివరి దశకు చేరిన కుటుంబాలలో ఒక విచిత్రమైన పరిస్థితిని మేము తరచుగా గమనిస్తున్నాము. పునాదిలో ఎంత ఇనుము వేశారో ఇంటివారికి తెలియదు. నీటి తొట్టి ఎన్ని లీటర్లు పడుతుందో గుర్తుండదు. కాని వీధి తలుపు మాట వచ్చేసరికి ఇంటిల్లిపాదీ, బంధువులు, ఇరుగుపొరుగువారు, చివరికి సిమెంటు దించడానికి వచ్చిన లారీ డ్రైవరు సైతం సలహాదారులైపోతారు. ఇంటికి ముఖం తలుపే కదా అన్న మాటతో చర్చ మొదలవుతుంది. ఆ ముఖానికి ఎన్ని నగలు పెట్టాలి అన్న దగ్గర చిక్కుకుంటుంది.

కడప జిల్లా నుంచి ఒక సోదరి ఈ శీర్షికకు రాసిన ఉత్తరం మా ముందున్నది. భర్త పదకొండేళ్ళుగా కువైట్‌లో ఉన్నారు. ఆయన పంపిన డబ్బుతో, ఈమె పర్యవేక్షణలో ఇల్లు లేచింది. గోడలకు పూత పూర్తయింది. ఇప్పుడు మేస్త్రీగారు వీధి గుమ్మానికి రెండు రెక్కల టేకు తలుపు, దాని నిండా చెక్కడం, ఇత్తడి బుడిపెలు పెట్టాలంటున్నారు. ద్వారబంధంతో కలిపి లక్షా అరవై వేలు అవుతుందట. ఇంట్లోని తలుపులన్నింటికీ కలిపి ఆమె వద్ద మిగిలినది లక్షా పదివేలు. తక్కువ పడిన సొమ్మును వడ్డీకి ఇచ్చేవారు సిద్ధంగా ఉన్నారు. పెద్దమ్మాయికి సంబంధాలు చూస్తున్నారు. వచ్చేవారు ముందుగా చూసేది తలుపునే అని ఆడపడుచు పట్టు. అత్తగారు వాకర్ సాయంతో నడుస్తున్నారు, ఆవిడను మాత్రం ఎవరూ అడగలేదు. రంజాన్‌కు భర్త సెలవు మీద వచ్చేలోగా తేల్చాలి. "తలుపు మీద ఇంత ఖర్చు దుబారా అవుతుందా, లేక ఇంటి గౌరవం కోసం చేయదగినదేనా?" అన్నది ఆమె ప్రశ్న.

వడ్డీ సంగతి ఒక్క మాటలో ముగిద్దాము. తలుపు కోసం వడ్డీకి అప్పు తీసుకోవలసిన అగత్యం ఏ విధంగానూ లేదు, ఆ దారి మూసినదే. రెండవ ప్రశ్న అంత తేలిక కాదు. అందమైన తలుపు కోరుకోవడం తప్పు కాదు. మంచి దుస్తులు, మంచి చెప్పులు ఉండాలని మనసుకు అనిపించడం అహంకారమవుతుందా అన్న ప్రసంగం వచ్చినప్పుడు దైవప్రవక్త (స) అల్లాహ్ అందాన్ని ఇష్టపడతాడని చెప్పి, అహంకారమంటే సత్యాన్ని తోసిపుచ్చడం, సాటి మనుషులను చిన్నచూపు చూడడం అని వివరించారు. ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉన్నది. కనుక టేకు చెక్క నిషిద్ధమూ కాదు, రేకు తలుపు పుణ్యమూ కాదు. తలుపును ఎవరిని దృష్టిలో పెట్టుకుని ఎంచుకుంటున్నాము అన్నదే తేల్చుకోవలసినది. వీధిలో సాగిపోయే మనిషి దానిని మూడు క్షణాలు చూస్తాడు. గుమ్మం ముందు నిలబడి సలాం చెప్పేవాడు మూడు నిమిషాలు చూస్తాడు. లోపల ఉండేవారు నలభై ఏళ్ళు దాన్ని తీస్తారు, వేస్తారు. ఆ సోదరి ఇంట్లో జరిగిన చర్చ అంతా మూడు క్షణాల మనిషి గురించే జరిగినట్లున్నది.

హజ్రత్ ఆయిషా (రజి) గారి గది తలుపు ఎలా ఉండేదో మన గ్రంథాలు భద్రపరిచాయన్న సంగతి చాలా మందికి తెలియదు. ఇమామ్ బుఖారీ సంకలనం చేసిన 'అల్ అదబుల్ ముఫ్రద్'లో ఒక కథనం ఉన్నది. ప్రవక్త సతీమణుల గదులు ఖర్జూరపు మట్టలతో కట్టినవని, వాటిపై వెంట్రుకలతో నేసిన గుడ్డ కప్పి ఉండేదని చూసినవారు చెప్పారు. అప్పుడు అడిగిన వ్యక్తి, ఆయిషా గారి తలుపు ఏ దిక్కున ఉండేదని అడిగాడు. సిరియా వైపు, అంటే ఉత్తర దిశగా. ఒక రెక్కా, రెండు రెక్కలా? ఒకటే. ఏ చెక్క? అర్‌అర్ అనే చెట్టుదో, సాజ్ చెక్కదో. సాజ్ అంటే టేకు. టేకు అరేబియాలో పెరగదు, మన దేశపు తీరాల నుంచి ఓడలలో అటు వెళ్ళేది. మట్టలతో కట్టిన గదికి గట్టి చెక్క తలుపు! గోడ నిరాడంబరమైనదైనా తలుపు మన్నికగా ఉండవచ్చునన్న భావన అందులో మాకు కనిపిస్తుంది. హసన్ బస్రీ గారు తాము చిన్నతనంలో ఆ గదులలోకి వెళ్ళి చేతితో పైకప్పును అందుకునేవారమని చెప్పుకున్నారు. అంత తక్కువ ఎత్తు.

అదే ఇంటి గుమ్మానికి సంబంధించిన మరొక సంఘటన సహీహ్ ముస్లింలో ఉన్నది. ప్రవక్త (స) ప్రయాణంలో ఉండగా ఆయిషా (రజి) ఒక చక్కని కంబళిని తలుపుకు తెరగా కట్టారు. తిరిగి వచ్చిన ఆయన ముఖంలో అయిష్టం కనిపించింది. దానిని లాగివేసి, రాళ్ళకూ మట్టికీ బట్టలు తొడగమని అల్లాహ్ మనలను ఆదేశించలేదన్న భావం గల మాట అన్నారు. ఆయిషా (రజి) ఆ గుడ్డను పారవేయలేదు. కత్తిరించి రెండు దిండ్లు కుట్టి, ఖర్జూరపు పీచు నింపారు. దానికి ఆయన ఏ అభ్యంతరమూ చెప్పలేదు. గుమ్మానికి వేలాడినప్పుడు ఎవరికీ అక్కరకు రాని బట్ట, మనిషి ఆనుకోవడానికి పనికి వచ్చింది. లక్షా అరవై వేలలో చెక్కకు ఎంత, చెక్కడానికి ఎంత అని విడివిడిగా రాసి ఇమ్మని ఆ సోదరి మేస్త్రీగారిని అడగాలి. చెక్క దిండు వంటిది. చెక్కడం గుమ్మానికి వేలాడే కంబళి.

ఇప్పుడు తలుపు పని ఏమిటో చూద్దాము. మొదటి పని చూపును ఆపడం. ఇతరుల ఇళ్ళలోకి వెళ్ళేముందు అనుమతి కోరి సలాం చెప్పాలని నూర్ సూరా నేర్పుతున్నది. అనుమతి అన్నది చూపు కోసమే విధించబడిందని ప్రవక్త (స) స్పష్టం చేశారు. ఆయన ఎవరి ఇంటికైనా వెళితే తలుపుకు ఎదురుగా నిలబడక కుడి పక్కనో ఎడమ పక్కనో నిలబడి సలాం చెప్పేవారు. ఆ రోజుల్లో గుమ్మాలకు తెరలు ఉండేవి కావని అబూదావూద్ గ్రంథంలోని కథనం కారణం కూడా చెబుతున్నది. మన ఇళ్ళలో మేస్త్రీలు చేస్తున్నది దీనికి విరుద్ధం. వీధి తలుపు, హాలు, వంటగది ఒకే వరుసలో పెట్టి, వీధి తలుపు తీస్తే పొయ్యి దాకా కనిపించేలా కడుతున్నారు. గాలి ఆడుతుందని సమర్థన. గోడలు లేచిన తరువాత గుమ్మాన్ని జరపడం సాధ్యం కాదు గనుక, తలుపు రెక్క ఏ వైపున వేలాడాలన్నదైనా మన చేతిలో ఉన్నది. గుమ్మం హాలులో ఒక మూల గోడకు దగ్గరగా ఉన్నదనుకోండి. వడ్రంగులు అలవాటుగా బందులను ఆ గోడ వైపే బిగిస్తారు, తలుపు తీస్తే గోడకు ఆనుకుంటుంది, హాలంతా బయటికి కనిపిస్తుంది. బందులను అవతలి వైపు, అంటే హాలు వైపు బిగించమంటే, సగం తీసిన తలుపే హాలుకు అడ్డుగోడ అవుతుంది. బయట నిలబడినవారికి పక్క గోడ మాత్రమే కనిపిస్తుంది. పైసా ఖర్చు లేని పరదా ఇది. ద్వారబంధం నిలబెట్టేముందు చెప్పవలసిన మాట. తరువాత చెబితే గాడి తిరిగి కోయాలి.

హైదరాబాదు పాతబస్తీలోని పాత ఇళ్ళకు గోనె పట్టాతో చేసిన 'టాట్ పరదా' వేలాడడం పెద్దలకు గుర్తుండే ఉంటుంది. ఎండనూ దుమ్మునూ చూపునూ ఒకేసారి ఆపేది, గాలిని మాత్రం రానిచ్చేది. ఇరాన్‌లోని యజ్ద్ వంటి పాత నగరాలలో తలుపుకు రెండు రకాల తట్టు కడియాలు ఉంటాయి. బరువైనది పురుషులు తట్టేది, సన్ననిది స్త్రీలు తట్టేది. శబ్దాన్ని బట్టి ఎవరు వెళ్ళి తీయాలో లోపలివారికి తెలిసిపోతుంది. నేడు ఆ పనిని తలుపులోని గాజు కన్నుతో చేయించుకుంటున్నాము. అది పెద్దవారి కంటి ఎత్తుకు ఒకటి, ఇంట్లో పదేళ్ళ పిల్లలు తలుపు తీసే అలవాటు ఉంటే వారి కంటి ఎత్తుకు మరొకటి ఉండాలని మా అభిప్రాయం. మగవారు గల్ఫ్‌లో ఉన్న ఇళ్ళకు చెక్క తలుపు ముందు ఒక ఇనుప జాలీ తలుపు తప్పనిసరి అనుకోవాలి. పార్సెలు తెచ్చిన కుర్రవాడితో జాలీ వెనుక నుంచి మాట్లాడవచ్చు, సాయంత్రం చెక్క తలుపు తీసి ఉంచితే గాలి వస్తుంది. చెక్కడం మీది డబ్బులో చిన్న భాగంతో ఇది సమకూరుతుంది. నొక్కగానే సలాములు, దుఆలు వినిపించే బెల్లుల గురించి కూడా ఒక మాట. సలాం చెప్పవలసినది మనిషి. యంత్రం చెప్పిన సలాముకు ఎవరు జవాబివ్వాలి?

తలుపు రెండవ పని దారి ఇవ్వడం. ఇక్కడే ఆ ఇంటి అత్తగారి మాట వస్తుంది. రెండు రెక్కల తలుపు వైభవంగా కనిపిస్తుంది నిజమే. కాని నాలుగడుగుల గుమ్మానికి రెండు రెక్కలంటే ఒక్కొక్కటి రెండడుగుల లోపే. రోజువారీగా ఒక రెక్కే తీస్తారు, రెండవ దానికి పైనా కిందా గడియలు వేసి ఉంటాయి. వాకర్ ఆ సందులో పట్టదు. బియ్యం బస్తా మోసేవాడు ఒరగవలసి వస్తుంది. ఒకే రెక్క తలుపు పెట్టి, తీసిన తరువాత నికరంగా 90 సెంటీమీటర్ల ఖాళీ మిగిలేలా చూసుకుంటే వాకర్, చక్రాల కుర్చీ నిరాటంకంగా వెళతాయి. ఇక్కడ వడ్రంగి కొలతల్లోని ఒక మెలిక తెలుసుకోవాలి. మూడున్నర అడుగుల గుమ్మం అని వారు చెప్పేది చాలాసార్లు ద్వారబంధం బయటి కొలత. అంటే 42 అంగుళాలు. అందులో రెండు పక్కలా మూడేసి అంగుళాల కమ్మీలు పోతే 36, తెరిచిన రెక్క మందం పోతే 34 చిల్లర. మనకు కావలసిన 90 సెంటీమీటర్లు 35 అంగుళాలకు పైచిలుకు. కనుక బయటి కొలత 45 అంగుళాలు, అంటే మూడు అడుగుల తొమ్మిది అంగుళాలు ఉండేలా గోడలో ఖాళీ వదలమని ముందే చెప్పాలి. ఆ సోదరి గోడలో ఇప్పటికే రెండు రెక్కలకు సరిపడా నాలుగడుగులు వదిలారట. అలాంటప్పుడు ఇబ్బందే లేదు.

గడప మాట మరీ ముఖ్యం. కడప పట్టణానికి ఆ పేరు గడప అన్న మాట నుంచే వచ్చిందని చెబుతారు, కాని ఇంట్లో గడప ఎత్తుగా ఉండవలసిన పని లేదు. వాన నీరు, తేళ్ళు, జెర్రులు రాకుండా మన పెద్దలు రెండు మూడు అంగుళాల ఎత్తున గడప పెట్టేవారు. వృద్ధులు కాలు తట్టుకుని పడి తుంటి ఎముక విరగగొట్టుకునేది కూడా అక్కడే. కింది కమ్మీ లేకుండా మూడు వైపులా మాత్రమే చెక్క పెట్టించి, నేల మీద అర అంగుళానికి మించని ఎత్తున, అంచులు వాలుగా అరగదీసిన నల్లరాతి పట్టీ వేయించాలి. తలుపు కింది అంచుకు రబ్బరు పట్టీ బిగిస్తే నీరూ పురుగూ రావు. కింది కమ్మీ లేకపోతే బంధం విచ్చుకుంటుందని వడ్రంగి అంటారు. గోడ గట్టిపడే దాకా అడుగున ఒక తాత్కాలిక పట్టీ కొట్టి, తరువాత తీసివేయడం వారికి తెలిసిన విద్యే. మెట్ల పక్కన వాలు బాట కట్టేటప్పుడు అది మన స్థలంలోనే ముగియాలి. వీధిలోకి మూడడుగులు చొచ్చుకు వచ్చిన మెట్లతో ఇంటి గౌరవం పెంచుకున్నామనుకునేవారు, రాత్రిపూట ఆ మెట్టుకు కాలు తగిలిన బాటసారి ఏమనుకుంటాడో ఆలోచించరు.

ఇంకొక మాట, చెప్పడానికి కష్టమైనదే అయినా చెబుతాము. ఆ గుమ్మం గుండానే ఏదో ఒకనాడు జనాజా వెళ్ళవలసి ఉన్నది. వరండా మలుపులో స్తంభం అడ్డం వచ్చి, డోలాను పక్కకు ఒంచి, మోసేవారు ఒకరి నొకరు అదిలించుకుంటూ ఇరుకున పడిన ఇళ్ళను మేము చూశాము. గుమ్మం ఎదుట ఏడెనిమిది అడుగుల దూరం మలుపు లేకుండా ఉంటే చాలు.

ఇక చెక్క. మేస్త్రీలు బర్మా టేకు, బల్లార్షా టేకు, ఆఫ్రికా టేకు అని పేర్లు చెబుతారు. పేరు కన్నా చేవను చూడాలి. చెట్టు నడిమి భాగమైన చేవ గోధుమ బంగారు వన్నెలో ఉంటుంది, అందులో సహజమైన నూనె ఉండడం వల్ల చెదలు తొందరగా ముట్టవు. అంచున ఉండే తెల్లని భాగానికి ఆ గుణం లేదు. రంగు పూసి చూపిస్తే తెలియదు కనుక, రందా పట్టిన తరువాత, పాలిష్ వేయకముందే ఇంటివారు వెళ్ళి చూడాలి. తెల్ల చారలున్న ముక్కలను అక్కడే పక్కన పెట్టించాలి. అడితిలో కలప ఘనపుటడుగుల లెక్కన అమ్ముతారు. లెక్క కష్టం కాదు. వెడల్పు అంగుళాలలో, మందం అంగుళాలలో, పొడవు అడుగులలో తీసుకుని మూడింటినీ గుణించి 144తో భాగించాలి. మనం చెప్పుకున్న గుమ్మానికి ద్వారబంధం కమ్మీలు ఐదంగుళాలు బై మూడంగుళాలు అనుకుంటే, నిలువు కమ్మీలు రెండు ఏడేసి అడుగులు, పైది నాలుగడుగులు, మొత్తం 18 అడుగులు. రెండు ఘనపుటడుగులకు కొంచెం తక్కువ వస్తుంది. అంగుళంన్నర మందాన రెక్కకు రెండుముప్పావు. మొత్తం నాలుగున్నర చిల్లర. కోతలో, రందాలో పోయేది కలుపుకున్నా ఆరు దాటకూడదు. బిల్లులో తొమ్మిదో పదో కనిపిస్తే, మిగతా చెక్క ఏ ఇంటికి వెళ్ళిందో మర్యాదగా అడగవచ్చును. స్థానిక ధరతో గుణించి చూస్తే, సాదా పలకల టేకు తలుపు ఆ లక్షా అరవై వేలలో సగం కూడా కాదని ఆ సోదరికే తెలుస్తుంది.

బిల్లు లేకుండా చవకగా వస్తుందని ఎవరైనా టేకు తెచ్చి పెడతామంటే వద్దనాలి. మన రెండు రాష్ట్రాలలోనూ సొంత పొలంలోని టేకు చెట్టును కొట్టి తరలించాలన్నా అటవీ శాఖ అనుమతి కావాలి. కాగితం లేని చెక్క ఎక్కడిదో చెప్పనక్కరలేదు. దొంగచెక్కతో చేసిన తలుపు మీద 'మాషా అల్లాహ్' ఫలకం కొట్టుకోవడం కంటే వింత ఉంటుందా? చవకే కావాలనుకుంటే పాత ఇళ్ళు కూల్చినప్పుడు దొరికే దూలాలు, వాసాలు ఉన్నాయి. యాభై అరవై ఏళ్ళు ఆరిన చెక్క అది, ఇక వంకర పోయేది లేదు. మేకుల రంధ్రాలు, చివరల చెదలు చూసుకుని తీసుకుంటే కొత్త టేకుకు తీసిపోదు. పల్లెల్లో వేప చెక్క ఉన్నది. మా మదరసా వరండా తలుపులు వేపవే, ముప్పై ఏళ్ళుగా పిల్లల తోపులాటలన్నీ భరిస్తున్నాయి. కాకపోతే వేపను బాగా ఆరబెట్టకుండా వాడితే పగుళ్ళు తీస్తుంది. చెక్క రంగు ముద్రించిన ఇనుప తలుపులు ఇప్పుడు ఊరూరా వచ్చాయి. చెదల భయం ఉండదు, బిగించడం ఒక్క పూట పని. అయితే వాటి రేకు పలుచన, నడుమ చాలావాటికి అట్ట గూళ్ళే. సొట్ట పడితే సరిచేయడం కష్టం. రాయలసీమ వేసవిలో పడమటి ఎండ తగిలే గుమ్మానికి అది పెడితే మధ్యాహ్నం చేయి వేయలేము.

తలుపు రెక్కను ఒకే వెడల్పాటి బల్లగా కాక, చట్రంలో పలకలు కూర్చిన విధంగా ఎందుకు చేస్తారో ఇంటివారు తెలుసుకోవాలి. చెక్క వానాకాలంలో తేమ పీల్చి ఉబ్బుతుంది, వేసవిలో కుంచించుకుపోతుంది. ఆ మార్పు పొడవున దాదాపు ఉండదు, అడ్డంగానే ఉంటుంది. గాడిలో వదులుగా కూర్చున్న పలక లోలోపలే ఉబ్బి తగ్గుతుంది, చట్రం కదలదు. చెక్కడం కోసం పలకలను జిగురుతో గట్టిగా అంటించి ఏకఖండంగా చేస్తే రెండు వానాకాలాలలో నిలువునా చీలుతుంది. చెక్కడపు గుంటలలో దుమ్ము చేరడం వేరే సమస్య. వారం వారం బ్రష్షుతో దులిపేది ఎవరో ముందే నిర్ణయించుకోవాలి. సాధారణంగా ఆ నిర్ణయంలో పాల్గొననివారి మీదనే ఆ పని పడుతుంది.

మరి వీధి నుంచి ఇల్లు చూడముచ్చటగా ఉండాలన్న కోరిక మాటేమిటి? అది నెరవేరడానికి చెక్కడం అవసరం లేదని మా గట్టి అభిప్రాయం. కంటికి ఇంపు కొలతల పొందికలో ఉన్నది. గుమ్మం ఎత్తు వెడల్పుకు రెట్టింపుకు కాస్త అటూ ఇటూగా ఉంటే చూపు కుదురుకుంటుంది. తలుపుకు ఇరువైపులా గోడ ఒకే రంగులో, సాదాగా ఉంటే సాదా తలుపు కూడా ప్రత్యేకంగా కనిపిస్తుంది. మనవారు తలుపు చుట్టూ నాలుగు రకాల టైల్సు, పైన రంగుటద్దాలు, పక్కన రాతి ముక్కలు అంటించి, అన్నింటి నడుమ చెక్కడం కనిపించలేదని మళ్ళీ దానికి బంగారు రంగు పూస్తారు. గుమ్మం మీద రెండు మూడడుగులు ముందుకు వచ్చిన నీడ పలక ఉంటే ఇంటి ముఖానికి లోతు వస్తుంది, తలుపు పాలిష్ కూడా పదికాలాలు నిలుస్తుంది. ఎండా వానా నేరుగా తగిలే తలుపుకు ఎంత ఖరీదైన పాలిష్ అయినా రెండు మూడేళ్ళలో పెచ్చులూడుతుంది. లక్క పాలిష్ నీరు తగిలితే తెల్లబారుతుంది, అది లోపలి తలుపులకే సరి. వీధి తలుపుకు బయట వాడే రకమే అడగాలి, పైనా కిందా అంచులకు కూడా పూయించాలి. పనివారు వదిలివేసేది ఆ అంచులనే, తేమ వెళ్ళేదీ అక్కడి నుంచే. గుమ్మం పక్కన చీకటి పడ్డాక వెలిగే దీపం, దూరం నుంచి చదవగలిగే ఇంటి నంబరు, చెప్పులకు ఒక అలమర. ఎవరింటికైనా రాత్రి పూట ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళినవారికి వీటి విలువ తెలుసు.

ఇత్తడి బుడిపెల గురించి నవ్వు రాక మానదు. గోల్కొండ కోటలో ఫతే దర్వాజాకు కొట్టిన ఇనుప ములుకులు శత్రువుల ఏనుగులు తలతో కుమ్మకుండా పెట్టినవి. మన వీధుల్లోకి వచ్చే ఏనుగులు ఏవో మాకు తెలియదు. అదే సొమ్ముతో మంచి బరువైన ఇత్తడి బందులు నాలుగు, గట్టి గడియ ఒకటి కొనవచ్చు. తలుపు బరువంతా మోసేవి బందులే. సముద్ర తీరపు ఊళ్ళలోనైతే ఇనుప బందులు, మరలు తొందరగా తుప్పు పట్టి తలుపును కిందికి జారుస్తాయి, అక్కడ ఇత్తడో తుప్పు పట్టని ఉక్కో వాడడం తప్పదు. తాళం లోపలి నుంచి చెవి లేకుండా తీయగలిగేదై ఉండాలి. రాత్రి మంటో పొగో లేచినప్పుడు చీకటిలో చెవి వెతుక్కునే వ్యవధి ఉండదు. రాత్రివేళ అల్లాహ్ నామం పలికి తలుపులు మూయమన్న ప్రవక్త (స) బోధను పాటించే ఇంట్లో, మూసిన తలుపు తిరిగి తెరుచుకోవడం కూడా సులభంగా ఉండాలి.

ఖుర్ఆన్ వాక్యాలను తలుపు రెక్క మీదనే చెక్కించడం, స్టిక్కర్లుగా అంటించడం మేము సమర్థించము. రెక్క విసురుగా పడుతుంది, దానిని కాలితో నెట్టేవారు ఉంటారు, పాతబడ్డాక అది అడితికి పోతుంది. పెట్టుకోవాలనుకుంటే గుమ్మం పైన గోడ మీద, దుమ్ము పట్టని చోట పెట్టుకోవాలి. గుర్రపు నాడా, నిమ్మకాయలు వేలాడదీయడం, తలుపు దిక్కును అదృష్టంతో ముడిపెట్టడం మన విశ్వాసానికి సరిపడవు. దిక్కు చూడవలసినది ఎండ కోసం, గాలి కోసం, ఎదురింటి గుమ్మం కోసం. ఎదురెదురు గుమ్మాలు ఉన్న అపార్ట్‌మెంట్లలో మన తలుపు తీస్తే ఎదుటివారి ఇంట్లోకి చూపు పోతున్నదా అని కూడా ఒకసారి నిలబడి చూడాలి. ఇద్దరు పొరుగువారిలో కానుక ఎవరికి పంపాలని ఆయిషా (రజి) అడిగినప్పుడు, ఎవరి తలుపు నీకు దగ్గరో వారికి అని ప్రవక్త (స) సమాధానమిచ్చారు. తలుపు మీద అంత దృష్టి పెట్టినవారు ఆ దగ్గరి తలుపు మీద కూడా కొంత పెట్టవచ్చును.

ఆడపడుచుగారి వాదన మిగిలింది. సంబంధం చూడడానికి వచ్చేవారు మొదట తలుపునే చూస్తారన్నది అబద్ధం కాదు. చూస్తారు, లెక్క కూడా వేస్తారు. లక్షా అరవై వేల తలుపు వేసుకున్న ఇంటి నుంచి ఎంత అడగవచ్చునో ఆ లెక్కలో తేలుతుంది. కానుకలు ఆశించి వచ్చేవారికి ధర చెప్పే పలకను మనమే గుమ్మానికి తగిలిస్తున్నామేమో ఆమె ఆలోచించాలి. వాకర్‌తో ఉన్న అవ్వ ఎవరి చేయీ పట్టుకోకుండా గడప దాటి వచ్చి తమకు సలాం చెప్పడం చూసిన పెద్దమనుషులకు, ఈ ఇంటి పిల్ల పెద్దలను ఎలా చూసుకుంటుందో అడగవలసిన పని ఉండదు. అది చూడనివారైతే, వారు వెనుదిరిగినా విచారించనక్కరలేదు.

మేస్త్రీగారితో మాట్లాడేటప్పుడు ఆ సోదరి ఒంటరిగా కాక మామగారినో, అన్నదమ్ములలో ఒకరినో వెంట ఉంచుకుని, కాగితం మీద మూడు విషయాలు రాయించుకుంటే మంచిది: చెక్క ఎన్ని ఘనపుటడుగులు, కూలి ఎంత, బిగింపు సామగ్రి ఏ రకం. ద్వారబంధం గోడకు ఆనే వెనుక భాగానికి తారు పూయించాలి, చెదలు ఎక్కేది అటు నుంచే. రెక్కను మాత్రం ఇప్పుడే తగిలించవద్దు. పూత పని, నేల పని పూర్తయి గోడల్లోని తడి ఆరేదాకా కొత్త తలుపు ఆ తేమనంతా పీల్చుకుని ఉబ్బుతుంది, తరువాత రందా పట్టించి సన్నం చేస్తే వేసవిలో వేలు దూరే సందు ఏర్పడుతుంది. అందాకా ఒక పాత తలుపును గాని, ప్లైవుడ్ బల్లను గాని తాత్కాలికంగా బిగించుకోవచ్చు. వడ్రంగి వద్ద సిద్ధమైన రెక్కను నీడలో, నేలకు తగలకుండా, రెండు కర్రల మీద పడుకోబెట్టి ఉంచమని చెప్పాలి. గోడకు చేరవేసి నిలబెడితే వంగుతుంది. రంజాన్‌కు పది పదిహేను రోజుల ముందు, ఆరిన గుమ్మానికి ఆరిన రెక్కను, చుట్టూ రూపాయి నాణెం దూరేటంత సందు వదిలి బిగిస్తే సరిపోతుంది.